టిఫిన్ వ్యాన్‌లో గ్యాస్ ఉండగానే మంట పడిపోతోంది, ఎందుకు?

మీరు రాసినదాన్ని బట్టి మీది నెల్లూరులో టిఫిన్ వ్యాన్. 19 కిలోల సిలిండర్, రెండు పెద్ద బర్నర్లు. తెల్లారి మంట బాగానే లేస్తుంది, ముప్పావు గంటకల్లా దోసె కాలనంతగా పడిపోతుంది. రెగ్యులేటర్ మార్చినా అంతే. గ్యాస్ తక్కువ పోశారని మీ అనుమానం.

అదే అనుమానంతో నేను రెండు వారాలు పోగొట్టుకున్నానన్నా. మాది కావలి, కారం దోసె, పులిబొంగరాలు వేస్తాం. సిలిండర్ తెచ్చే అబ్బాయితో గొడవ కూడా పడ్డాను. చివరికి బియ్యం కొట్లో కాటా మీద పెట్టి చూస్తే, సిలిండర్ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేశాక ఇంకా 8 కిలోల గ్యాస్ ఉంది! పాపం ఆ అబ్బాయికి టీ ఇప్పించాను.

ఈసారి మంట తగ్గగానే సిలిండర్‌ని చేత్తో తాకి చూడండి. కింది భాగం చల్లగా, చెమట పట్టి ఉంటే మీ జబ్బూ నాదే. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అది ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ ఇనుము నుంచి, ఇనుము బయటి గాలి నుంచి తీసుకుంటాయి. రెండు బర్నర్లు గుంజే వేగానికి ఆ వేడి చాలదు. సిలిండర్ చల్లబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. సగం ఖాళీ అయ్యాక ద్రవం ఆనుకున్న ఇనుము తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. మన సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. అందుకే సిలిండర్ చల్లబడేకొద్దీ బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు. నెల్లూరు ఎండల్లో సిలిండర్‌కి చలేంటని మావాళ్లు నవ్వారు.

చల్లబడుతోంది కదా అని నేను గోనెసంచి చుట్టాను. ఇంకా ఘోరమైంది! బయటి గాలి వేడి కూడా తగలకుండా చేశానన్నమాట. వేడినీళ్లు పోయడం, పొయ్యి పక్కన పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

నాకు పనిచేసింది ఒక్కటే. రెండు సిలిండర్లు కలిపి ఒకే పైపుకి ఇచ్చే ఏర్పాటు. గుంజుడు రెండింటి మధ్య పంచుకుపోతుంది కాబట్టి ఏదీ అంత చల్లబడదు. ఇది ఏజెన్సీ మెకానిక్ చేతే చేయించండి. సిలిండర్లు పెట్టే అర కింద గాలి బయటికి పోయే రంధ్రాలు కూడా పెట్టించండి. లీకైన గ్యాస్ గాలికన్నా బరువు, వ్యాన్ అడుగునే పేరుకుంటుంది. రోడ్డు కుదుపులకి బిగింపులు వదులవుతాయి, వారానికోసారి సబ్బు నురగ రాసి చూసుకోవాలి. వాసన గట్టిగా వస్తే బర్నర్లు, సిలిండర్ ఆపి దూరం వెళ్లి గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

సిలిండర్ మామూలుగానే ఉండి, మొదటి నుంచీ మంట తక్కువైతే లెక్క వేరు. పైపు మడత పడిందో, రెగ్యులేటర్ మీది చిన్న గాలి రంధ్రం మూసుకుపోయిందో చూడాలి. వానల్లో నెల రోజులు బండి ఆపితే నాకు ఆ రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టేసింది.

రేపు మంట పడిపోయినప్పుడు సిలిండర్ మీద చెమట పట్టిన గీత ఎంత ఎత్తులో ఉందో చూసి ఇక్కడే రాయండి. గీతే లేకపోతే పైపు సంగతి మాట్లాడుకుందాం.