ఇటలీలో చదివినందుకు ఇటలీకే అర్హత పోతుందా?

ప్రశ్న: కట్టడాల పరిరక్షణలో ఇటలీలో పీజీ చేసి (2023 సెప్టెంబర్ – 2025 జులై) విజయవాడ వచ్చేశాను. మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ (యూరోపియన్ యూనియన్ డబ్బుతో పలు దేశాల సంస్థలు కలిసి నడిపే పీహెచ్‌డీ కార్యక్రమం) నిధులతో పీహెచ్‌డీ చేయాలని ఉంది. తెలిసిన ప్రొఫెసర్లంతా ఇటలీలోనే ఉన్నారు. అక్కడికే దరఖాస్తు పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే కుదరదండీ. చేరే తేదీ నుంచి వెనక్కి 36 నెలలు లెక్కపెడతారు. ఆ వ్యవధిలో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉన్నా, చదివినా, పనిచేసినా అర్హత పోతుంది. సెలవుల్లో వెళ్లొచ్చిన రోజులు లెక్కలోకి రావు. మీరు 2026 సెప్టెంబర్‌లో చేరతారనుకుంటే, ఇటలీలో గడిపిన కాలమంతా ఆ 36 నెలల్లోనే పడుతుంది. 2027 సెప్టెంబర్‌కైతే 11 నెలలే మిగులుతాయి, సరిపోతుంది.

కానీ ఏడాది పోగొట్టుకోవడం దేనికి? అడ్డు ఇటలీకి మాత్రమే. ఒకే నెట్‌వర్క్‌లో పలు దేశాల ఖాళీలుంటాయి. మీ ప్రొఫెసర్ భాగస్వామిగా ఉన్న నెట్‌వర్క్ చూసుకుని, బెల్జియంలోనో పోర్చుగల్‌లోనో ఉన్న ఖాళీకి పెట్టండి. సెకండ్‌మెంట్ (భాగస్వామి సంస్థకు తాత్కాలికంగా వెళ్లి పనిచేయడం) మీద కొన్ని నెలలు ఆయన ల్యాబ్‌లో పనిచేసే వీలుంటుంది. ప్రకటనలు యూరప్ పరిశోధన ఉద్యోగాల పోర్టల్ యూరాక్సెస్‌లో వస్తాయి.

జీతం దగ్గర చాలామంది పొరబడతారు. ప్రకటనలో నెలకు 3,400 యూరోలని ఉంటే అది చేతికొచ్చే మొత్తం కాదు. ముందు దాన్ని దేశపు గుణకంతో (అక్కడి జీవన వ్యయాన్ని బట్టి) సవరిస్తారు, ఆపైన సామాజిక భద్రతకు యజమాని కట్టే వాటా, మీ పన్నులు పోతాయి. నికరంగా ఎంతొస్తుందో ఇంటర్వ్యూలోనే అడగండి. ఇంకోటి: ఈ నిధులు సాధారణంగా 36 నెలలకే. పీహెచ్‌డీకి నాలుగేళ్లు పట్టే చోట ఆఖరి ఏడాది జీతం ఎవరిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు, ఎస్సీ విద్యార్థిని. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై పరిశోధనకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ (విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చేది) వస్తుందా?

జవాబు: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలను 2022 మార్గదర్శకాల్లో ఈ పథకం నుంచి తీసేశారమ్మా. మన పల్నాడు సున్నపురాయి శిల్పాలు లండన్‌లో ఉంటే, వాటిని చదవడానికి మన పిల్లలకు మన డబ్బు అందకపోవడం అన్యాయం. ఈ ఏటి ప్రకటనలో ఆ షరతు ఉందో లేదో చూసుకుని గానీ ఫీజులు, పరీక్షల మీద ఖర్చు పెట్టకండి. మరో దారి, బ్రిటన్‌లో మ్యూజియం, యూనివర్సిటీ కలిసి ఇచ్చే కొలాబరేటివ్ డాక్టోరల్ పార్ట్‌నర్‌షిప్. విదేశీయులూ అర్హులే. అయితే ఫీజు కోసం ఇచ్చే నిధి స్థానిక విద్యార్థుల ఫీజు మేరకే వస్తుంది. విదేశీ ఫీజుతో ఉండే తేడా ఎవరు భరిస్తారో దరఖాస్తుకు ముందే ఈమెయిల్‌లో అడగండి.