ఐవీఆర్ వాయిస్ (కంపెనీకి ఫోన్ చేస్తే పలికే ఆటోమేటిక్ గొంతు) మన ఊరి పేర్లు తప్పు పలుకుతుంటే ఎలా సరిచేయాలి?

ముందు చూడాల్సింది టెక్స్ట్ ఏ లిపిలో వెళ్తోందని. కడప అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే అది డ నో ద నో టెక్స్ట్‌ని మాటగా మార్చే ఇంజిన్‌కి తెలీదు, దీర్ఘాలూ పోతాయి, అందుకే తెలుగు వాయిస్ ఉన్న గూగుల్, అజూర్ లాంటివి వాడుతుంటే పేరు తెలుగులోనే పంపండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఇంగ్లీషు వాయిసే వాడాలంటే ఎస్ఎస్ఎంఎల్ ఉంది, అంటే ఎలా పలకాలో ట్యాగులతో చెప్పే పద్ధతి. సబ్ ట్యాగ్‌లో ఏలియాస్ కింద పలకాల్సిన స్పెల్లింగ్ రాస్తే స్క్రీన్ మీద ఒకటి, వినపడేది ఇంకోటి. అది చాలకపోతే ఫోనీమ్ ట్యాగ్‌లో ఐపీఏ (శబ్దాలను రాసే అంతర్జాతీయ గుర్తులు) ఇవ్వండి, డ కీ ద కీ వేర్వేరు గుర్తులుంటాయి కానీ ఆ వాయిస్‌లో లేని శబ్దాన్ని మాత్రం అది పుట్టించలేదు. ఓటీపీని నాలుగు వేల చిల్లరగా చదువుతుంటే సే-ఆజ్ ట్యాగ్ పెట్టి అంకెలుగా చదవమనండి.

పేర్లు వందల్లో ఉంటే ప్రతిచోటా ట్యాగులు పెట్టడం దండగ అండి, లెక్సికాన్ ఫైల్ (ఏ పేరు ఎలా పలకాలో రాసిన జాబితా) ఒకటి చేసుకోండి, దీనికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లోనే పీఎల్ఎస్ అని స్టాండర్డ్ ఇచ్చింది. అజూర్‌లో అయితే పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉన్నా ఎంట్రీ పట్టుకోదు, రెండూ రాయండి. మార్చాక హెడ్‌ఫోన్స్‌లో కాదు, మామూలు ఫోన్ కాల్‌లో వినండి, ఆ క్వాలిటీలో స కి ఫ కి తేడా ఇట్టే చెరిగిపోతుంది.