తాళాల గుత్తి

మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలో 37 ఏళ్ళు పనిచేసి, 2020లో రిటైరై విజయనగరంలో ఉంటున్న మా శీర్షిక రచయిత ఊరి పార్కులు, భవనాల గురించి పాఠకులు అడిగిన వాటికి జవాబులిస్తారు.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. బీటెక్ సివిల్ పూర్తయింది. మా అన్నయ్య అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. ఆ ఊరి మునిసిపాలిటీలో ‘పార్కులు, ప్రభుత్వ భవనాల డైరెక్టరు’ అని ఒకాయన ఉన్నాడట. పార్కులు, ఆటస్థలాలు, టౌన్ హాలు అన్నీ ఆయన చేతికిందే. నాకా పని బాగా నచ్చింది. మన దగ్గర అలాంటి ఉద్యోగం ఉందా? ఎలా వెళ్ళాలి? మీరు చేసింది అదేనా?

జవాబు: ఆ పేరుతో కుర్చీ మన మునిసిపాలిటీల్లో లేదమ్మా. పని మాత్రం ఉంది. ఒక మనిషి చేతిలో కాకుండా నలుగురి చేతుల్లో ఉంది. భవనాలు ఇంజనీరింగ్ విభాగానివి: ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ఆయన మీద డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఆ పైన మునిసిపల్ ఇంజనీరు. పార్కులు కొన్నిచోట్ల హార్టికల్చర్ వాళ్ళవి, ఆ ఆఫీసరు లేని ఊళ్ళో మళ్ళీ ఇంజనీర్లవే. ఊడ్చేది శానిటేషన్ వాళ్ళు. అందరి మీదా కమిషనర్. మీ అన్నయ్య చెప్పిన డైరెక్టర్ని అక్కడ మేయరో సిటీ మేనేజరో నియమిస్తారు. గడ్డి కోయించడం దగ్గర్నుంచి టౌన్ హాలు పైకప్పు దాకా పూచీ ఆయనదే. చలి ఊళ్ళయితే మెట్ల మీద మంచు తీయించడం కూడా. ఏడాదికోసారి కౌన్సిల్ ముందు కూర్చుని బడ్జెట్ అడుక్కోవాలి. అది మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేసి 1983లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొన్ని మునిసిపాలిటీలు తిరిగాను. చెడ్డ సంగతులు చెప్పాల్సి వచ్చినప్పుడు ఊరి పేరు చెప్పను, నువ్వూ అడక్కు.

చేరిన రోజు నాకు టేపూ ఇవ్వలేదు, ఫైలూ ఇవ్వలేదు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆయన ఒక తాళాల గుత్తి చేతిలో పెట్టాడు. లెక్కపెడితే 43. అందులో 11 దేనివో ఆయనకీ తెలీదు. సాయంత్రం పూట సైకిలేసుకుని తిరిగి, ఒక్కో తలుపుకీ పెట్టి చూసేవాణ్ణి. ఆర్నెల్లు పట్టింది. ఒక తాళం ఎప్పుడో మూతపడ్డ రీడింగ్ రూముది. లోపల బల్ల మీద మూడేళ్ళ కిందటి పేపర్లు, కిటికీలో గువ్వ గూడు, పైన పెచ్చు ఊడి ఇనుము కనిపిస్తున్న శ్లాబు. కట్టి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. ఏమైందంటే, డాబా మీద నీళ్ళు పోయే గొట్టంలో ఎండాకులు అడ్డంపడ్డాయి. వాన నీళ్ళు అక్కడే నిలిచిపోయి, శ్లాబులోకి దిగి, చువ్వలకి తుప్పు పట్టించాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బితే కింద కాంక్రీటు పెచ్చు లేచిపోతుంది. పది నిమిషాల చీపురు పని చేసేవాడు లేక లక్షల భవనం పోయింది.

అప్పట్నుంచీ మే నెలాఖర్లో, తొలకరికి ముందు, నా కింద ఉన్న ప్రతి డాబా ఎక్కేవాణ్ణి. తోటి ఏఈలు నవ్వేవారు. నవ్వనీ.

ఈ ఉద్యోగంలో రోజు ఎలా ఉంటుందో చెబుతాను, తరవాత నచ్చిందో లేదో నువ్వే చూసుకో. పొద్దున్న అయిదున్నరకి పార్కులో ఉండాలి, ఎందుకంటే నడక వాళ్ళు దొరికేది అప్పుడే. నిన్న మోటారు కాలిపోయింది, బెంచీ విరిగింది, కుక్కలొస్తున్నాయి, అన్నీ వాళ్ళే చెబుతారు. పదింటికి ఆఫీసు. అక్కడ వార్డు సభ్యుడు కూర్చుని ఉంటాడు, ‘మా వార్డుకి పార్కేదండీ?’ అని. మధ్యాహ్నం ఎస్టిమేట్లు. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు, ఇవన్నీ దాటితేగాని గోడకి ఒక్క ఇటుక పడదు. పనయ్యాక కొలతలు ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. ఆ పుస్తకానికి పేజీ నంబర్లుంటాయి. ఒక్క కాగితం చిరక్కూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు, తప్పు రాస్తే కొట్టేసి సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్ళ తరవాత ఆడిట్ వాళ్ళు అడిగినా ఆ సంతకం నీదే. నాకు టెన్షన్ అంటే ఆ పుస్తకమే.

పండగ వచ్చిందంటే ఇవన్నీ పక్కకి పోతాయి. దసరా తరవాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. 50, 60 అడుగుల మాను చివర పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం లక్షల్లో ఉంటారు. అందరూ మానుకేసి చూసి దండం పెట్టుకుంటుంటే, ఆ దారిలో పనిచేసిన ఇంజనీరు మాత్రం కొమ్మలకేసి, పాత మేడల పిట్టగోడల మీద ఎక్కి నిలబడ్డ జనంకేసీ చూస్తుంటాడు. నేను రిటైరయ్యాకే అమ్మవారికి నింపాదిగా దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. ఒక ఊళ్ళో పిల్లల పార్కుకి ఎస్టిమేట్ వేస్తూ ఉయ్యాల కింద సిమెంటు గచ్చు పెట్టాను. ఊడవడానికి వీలుగా ఉంటుందని. ఎవరూ కాదనలేదు. ప్రారంభించిన రెండో నెల్లో ఒక పిల్ల ఉయ్యాల మీంచి పడి మణికట్టు విరిగింది. వాళ్ళ నాన్న రిక్షా తొక్కేవాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది. మర్నాడే గచ్చు పగలగొట్టించి అడుగు లోతు ఇసక పోయించాను. ఆ ఖర్చుకి మంజూరు లేదు, మెమో వచ్చింది, జవాబు రాసుకున్నాను. చాలా ఏళ్ళకి తెలిసింది, అమెరికాలో ఆటస్థలాల భద్రత తనిఖీ చేసేవాళ్ళకని ప్రత్యేకంగా పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయని. ఉయ్యాల ఎంత ఎత్తుకి ఊగితే కింద ఎంత మెత్తన ఉండాలో వాళ్ళకి లెక్కలున్నాయి. మీ అన్నయ్యని ఆ డైరెక్టరు గారి దగ్గరికి పంపి ఈ ఒక్కటీ అడిగి రమ్మను. మిగతాది మనకి తెలిసిందే.

ఇంకో మాట. కొత్తది కట్టడానికి డబ్బు ఎక్కణ్ణుంచైనా వస్తుంది. 2015లో పట్టణాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం వచ్చినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం రెండూ అందులో ఉన్నాయి. పార్కులకని వేరే వాటా కూడా పెట్టారు. పార్కు వేశాక దాన్ని చూసుకునే ఏర్పాటు కాలనీ వాళ్ళని కలుపుకుని చెయ్యాలని ఆ నిబంధనల్లోనే రాశారు. రాశారు గాని, శిలాఫలకానికి గ్రానైటు దొరికినంత సులువుగా తోటమాలికి జీతం దొరకదు. మా దగ్గర ఒక తోటమాలి ఉండేవాడు. నేను వెయ్యి మొక్కలు కావాలని ఇండెంటు రాస్తుంటే వెనకాల నిలబడి, ‘బావూ, నీళ్ళు పోసీవోడు నేకపోతే మొక్కలెందుకు బావూ?’ అన్నాడు. ఇండెంటు చింపేసి మూడు వందలకి రాశాను. ఆ మూడు వందల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఉన్నాయి.

దారి సంగతి. నువ్వు సివిల్ కాబట్టి ఏపీపీఎస్సీ అసిస్టెంట్ ఇంజనీర్ల నోటిఫికేషన్ చూస్తూ ఉండు. అందులో పబ్లిక్ హెల్త్, మునిసిపల్ ఇంజనీరింగ్ పోస్టులుంటాయి. ఆర్ అండ్ బీ, ఇరిగేషన్ వస్తే అందరూ అటే పోతారు, మునిసిపల్ అంటే మొహం చిట్లిస్తారు. నువ్వు మొదటి ఆప్షన్ అదే పెట్టు. 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ సెక్రటరీలు కూడా వచ్చారు, సివిల్ చదివినవాళ్ళకి అదొక తలుపు. జీతం తక్కువే, కానీ వార్డులో ప్రతి కల్వర్టూ తెలుస్తుంది. నీకు భవనాల కంటే చెట్ల మీద మనసుంటే మాత్రం దారి వేరు. దానికి హార్టికల్చర్ చదవాలి, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కాకపోతే మళ్ళీ నాలుగేళ్ళు. ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకో.

చేరాక మొదటి వారం తాళాలు అడుగు.

ప్రశ్న: మాది శ్రీకాకుళంలో కొత్త కాలనీ. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలంలో రెండేళ్ళ కిందట 40 మొక్కలు నాటాం. ఆరు మిగిలాయి. పైగా ఒక మూల ఎవరో ఇసక, కంకర వేసుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు కంకర సంగతి చూడండి మాస్టారూ, మొక్కలు తరవాత. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీగా వదలాలని నిబంధన. ఆ స్థలం మునిసిపాలిటీకి రాసి ఇచ్చారో లేదో ఆఫీసులో గిఫ్ట్ డీడ్ కాపీ అడగండి. నా అనుభవంలో ఇలాంటి చోట ముందు కంకర వస్తుంది, తరవాత ఒక రేకుల షెడ్డు, ఆ తరవాత షెడ్డుకి కరెంటు మీటరు. మీటరు వచ్చాక ఇక మీ తరం కాదు. నాలుగు మూలలా రాళ్ళు పాతించి, సర్వే నంబరుతో బోర్డు పెట్టించండి. కంచె వేశాకే మొక్క.

మొక్కలెందుకు పోయాయో మీరు రాయలేదు. ఆగస్టులో ఫొటోలు తీసుకుని ఫిబ్రవరిలో మర్చిపోయారని అనుకుంటున్నాను, కోప్పడకండి. తొలకరిలో నాటినా మొదటి రెండు వేసవులు నీళ్ళు పోయాల్సిందే. మొక్కకో ఇల్లు అప్పజెప్పండి. పిల్లలున్న ఇల్లయితే ఇంకా మంచిది.

ఏ చెట్టు అంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు నేను విజయనగరంలో మా వీధి నుంచి కోట దాకా నడిచాను. ఆ ఏడు సిరిమానోత్సవం అయి వారం కూడా తిరగలేదు. తురాయి చెట్లు వేళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి. వేపలు, కానుగలు కొమ్మలు విరిగాయి గాని చాలావరకు నిలబడే ఉన్నాయి. పడ్డవాటిలో ఎక్కువ వాటికి మొదలు దాకా సిమెంటు పోసి ఉంది. పాపం వేరు ఎటు పాకుతుంది? మీకూ 2018లో తిత్లీ తుపాను చూసిన అనుభవం ఉంది, ఉద్దానంలో కొబ్బరి, జీడి ఏమైపోయాయో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి వేప, కానుగ, నేరేడు వేయండి, మధ్యలో ఒక్క రావి. చెట్టు చుట్టూ కనీసం నాలుగడుగులు మట్టి వదలండి. పార్కుల్లో వరసగా కనిపించే ఆ నిగనిగలాడే కోనోకార్పస్ మాత్రం వద్దు. పైపుల్లోకీ డ్రైన్లలోకీ వేళ్ళు దూరుస్తుంది. ఏడాకుల పాల కూడా ఇళ్ళ మధ్య వద్దు, పూసే నెలల్లో ఆ వాసనకి ఉబ్బసం ఉన్నవాళ్ళు నిద్రపోలేరు.

ప్రశ్న: బొబ్బిలి దగ్గర మా తాతల నాటి బడి భవనం. సున్నపు గోడలు. కింద రెండడుగుల మేర చెమ్మ ఎక్కి పెచ్చులూడుతోంది. పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని సిమెంటు ప్లాస్టరింగ్, పైన పెయింటు వేయిద్దామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: వద్దు. చందా డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచండి.

సున్నపు గోడ చెమ్మని పీలుస్తుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే వదలడానికి దారి మూసేసినట్టే. చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, రెండు వానాకాలాల్లో సిమెంటు పలకలు పలకలుగా ఊడి, లోపలి ఇటుకని కూడా లాక్కొస్తుంది. విజయనగరం ఘంటస్తంభం 1885 నాటిది, అవి సున్నం రోజులు. ఆ కాలపు కట్టడాలకి ఆ కాలపు మందే వెయ్యాలి. చెడిన మేర గీకేసి, సున్నం, ఇసకతోనే మళ్ళీ పూత వేయించండి, పైన వెల్ల. పనివాళ్ళు దొరకడం కష్టం. పాత దేవాలయాల మరమ్మతు చేసినవాళ్ళని వెతకండి.

అంతకంటే ముందు భవనం చుట్టూ నడిచి, వాన నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి, బడి ఆవరణ కంటే రోడ్డు ఎత్తయిపోయి ఉంటుంది. అదే అయితే గోడకి మూడడుగుల దూరంలో కాలవ తవ్విస్తే సగం చెమ్మ పోతుంది. అయ్యాక పిట్టగోడ మీద రావి మొలకలేమైనా ఉన్నాయేమో చూసి, ఫొటో తీసి పంపండి. మొలకగా ఉంటే వేలితో లాగేయొచ్చు. వేరు గోడలోకి దిగి ఉంటే మాత్రం లాగకండి, నాకు రాయండి.