బుల్లెట్‌ని మార్చుకోవాలంటే కొన్న సామాను బిగించుకోవాలా, చేతిపని చేయించుకోవాలా?

మీ ప్రశ్న చదివాను. 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది, చేతిలో నలభై వేలున్నాయి, ఆన్‌లైన్‌లో దొరికే హ్యాండిల్, సైలెన్సర్, ఫాగ్ లైట్లు, సీటు అన్నీ ఒకేసారి కొని బిగించేయాలా లేక చేయి తిరిగిన మనిషి దగ్గర కూర్చుని చేయించుకోవాలా అన్నారు. నేను రెండూ చేశాను, అదీ ఒకే బండి మీద, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది విజయవాడ. బండి మా నాన్నది, 1994 బుల్లెట్ 350, పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నాన్న తాళం నా చేతిలో పెట్టాడు. నాలుగు నెలల్లో దానికి వెడల్పాటి హ్యాండిల్, పొట్టి సైలెన్సర్, రెండు ఫాగ్ లైట్లు, హ్యాండిల్ చివర్న బిగించే అద్దాలు, ఒక్కరే కూర్చునే సీటు, అన్నీ కొని పెట్టేశాను. వెనక చక్రం బయటికి కనిపించాలని శారీ గార్డ్ కూడా తీసేశాను. ఫొటోల్లో చాలా బాగుండేది, అది నిజం.

హ్యాండిల్‌తో మొదలైంది ఇబ్బంది. పాతదానికన్నా రెండున్నర అంగుళాలు వెడల్పు, కానీ కేబుళ్ళు పాతవే. బెంజ్ సర్కిల్ దగ్గర యూ టర్న్ తీసుకుంటుంటే, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిరిగేసరికి ఆక్సిలరేటర్ కేబుల్ లాగేసి, నేను తిప్పకుండానే ఇంజిన్ రేజ్ అయింది. ముందు ఆటో, పక్కన స్కూలు బస్సు. క్లచ్ పట్టుకుని ఎలాగో ఆపాను గానీ ఆ రోజు చేతులు వణికాయి. హ్యాండిల్ మారిస్తే కేబుల్ పొడవు చూసుకోవాలి, బిగించాక ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి ఇంజిన్ శబ్దం మారుతోందా అని వినాలి. రెండు నిమిషాల పని. డబ్బాతో వచ్చిన కాగితంలో ఆ మాట లేదు, బిగించిన కుర్రాడూ చూడలేదు, నాకూ తెలియదు.

తర్వాత సైలెన్సర్. పొగ సులువుగా పోయే సైలెన్సర్ పెట్టి కార్బురేటర్‌ని ముట్టుకోకపోతే మిశ్రమంలో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవుతుంది. ఆక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపటపా పేలేది, నేను అదేదో గొప్ప అనుకున్నాను. ప్లగ్ విప్పి చూస్తే సుద్దముక్కలా తెల్లగా ఉంది. కాఫీ పొడి రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, తెల్లబడితే లోపల వేడి హద్దు దాటుతున్నట్టు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్కని, అంటే జెట్‌ని, మార్చాలని నాకు చెప్పినవాళ్ళు లేరు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపుంటే పిస్టన్ పట్టేసేది.

అన్నిటికన్నా భయపెట్టింది మాత్రం లైట్లే. రెండు 55 వాట్ల బల్బులంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లు దాటుతుంది. వాటిని రిలే (ఎక్కువ కరెంటు స్విచ్ మీదుగా పోకుండా విడిగా పంపే చిన్న డబ్బా) లేకుండా, ఫ్యూజ్ లేకుండా, నేరుగా హెడ్‌లైట్ వైరుని గీకి, దానికి చుట్టి, టేపు వేసి ఇచ్చారు. హైదరాబాద్ వెళ్తూ నందిగామ దాటాక, రాత్రి తొమ్మిది ప్రాంతంలో, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి మొత్తం చీకటైపోయింది. ఆ హైవే మీద రాత్రిపూట లారీలు ఎలా వస్తాయో మీకు తెలుసు. ఫోన్ టార్చ్ వెలిగించి, తెల్ల గీతకి ఇవతల మట్టిలో దాదాపు కిలోమీటరు బండి నెట్టుకుంటూ ఒక ధాబా చేరాను. మర్నాడు విప్పి చూస్తే హ్యాండిల్ స్విచ్ లోపలి భాగం కరిగి ముద్దయిపోయి ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఒక శుక్రవారం పొద్దున జరిగింది ఒక ఎత్తు. అమ్మని కొండ మీదికి, అమ్మవారి దర్శనానికి తీసుకెళ్దామని బండి తీశాను. నాన్న ఉన్నప్పటి నుంచీ అమ్మ ఆ బండి మీదే వెళ్ళేది. ఆమె చీర సర్దుకుని పక్కకి వచ్చి, కాసేపు బండి వంక చూసి, "నేనెక్కడ కూర్చోను రా? కాలెక్కడ పెట్టుకోను?" అంది. ఆటోలో వెళ్ళాం. దారంతా నేనేం మాట్లాడలేదు. నాన్న బండి మీద అమ్మకి చోటు లేకుండా చేశానన్న మాట ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత వారమే ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఎక్కువగా లారీల పనే చేస్తాడు. నేను ఫోన్‌లో ఫొటోలు చూపించబోతే చూడలేదు. నన్ను బండెక్కించి, తను వెనకాల ఇంకో బండి మీద వస్తూ, రెండు వీధులు తిప్పించాడు. తిరిగొచ్చాక, "బండి సంగతి తర్వాత బాబూ, నీకెక్కడ నొప్పెడుతోందో అది చెప్పు" అన్నాడు. మణికట్లు, నడుము కింది భాగం అన్నాను. "అమ్మకి?" అన్నాడు, నేను అప్పటికే ఆ విషయం చెప్పి ఉన్నాను కాబట్టి. మోకాలు బాబాయ్, అన్నాను. అప్పుడు టేపు తీశాడు.

నేను చేతిపని అని ఇంతసేపూ అంటున్నది దీన్నే. వెల్డింగ్, గ్రైండింగ్ తర్వాతి సంగతి. ముందు మనిషిని కొలవడం. బజారులో దొరికే హ్యాండిల్ సగటు మనిషి చేతులకి చేసింది, ఆ సగటు మనిషి మీరు కాకపోవచ్చు. సీటు కోసం అట్టపెట్టె కోసి, ట్యాంకు వెనక పెట్టి, నేను కూర్చుని, ఎక్కడ తొడ ఒరుసుకుంటే అక్కడ చాక్‌పీసుతో గీసి, మళ్ళీ కోసి, ఇలా నాలుగు అట్టలు అయ్యాయి. ఐదోది 18 గేజ్ రేకు మీద గీశాం. రేకు వంచడం నాతోనే చేయించాడు, అంచులు చేతికి తగిలినా తెగకుండా అరం వేయడం కూడా. ఫోమ్ కింద గట్టిది, పైన మెత్తనిది. రెగ్జిన్ కుట్టించేముందు ఫోమ్ మీద టవల్ కప్పుకుని ఉయ్యూరు దాకా వెళ్ళొచ్చాను, నొప్పెట్టిన చోట బ్లేడుతో మళ్ళీ చెక్కాం. ఈసారి సీటు ఇద్దరిది.

అమ్మ ఫుట్‌రెస్ట్ సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. బజారులో దొరికే లేడీస్ ఫుట్‌రెస్ట్ ఎత్తు ఎవరికైనా ఒకటే. అమ్మ కుడి మోకాలు పూర్తిగా మడవలేదు, అలాగని కాళ్ళు వేలాడితే జారిపోతానేమో అని భయం. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, అమ్మని కూర్చోబెట్టి, కాళ్ళ కింద ఒక్కో చెక్క పెట్టుకుంటూ వచ్చాను, "ఇదిగో ఇక్కడ హాయిగా ఉంది" అనేదాకా. అక్కడ కొలత తీసుకున్నాం. చెప్పులు జారకుండా గళ్ళ చెకర్డ్ ప్లేటు, పన్నెండు అంగుళాల పొడవు. ఫ్రేముకి వెల్డింగ్ పెట్టకుండా, ఉన్న బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ వచ్చేలా చేశాం. పాత బుల్లెట్‌కి చైన్ ఎడమవైపే, అమ్మ కాళ్ళు వచ్చేదీ ఎడమవైపే, అందుకని శారీ గార్డ్ మళ్ళీ బిగించి, చైన్‌కి తగలకుండా ఖాళీ చూసుకున్నాం. మొదటి బ్రాకెట్ నెలన్నరకే వంపు దగ్గర చీలింది. బుల్లెట్ అదురుకి పదునైన వంపు నిలవదు. రెండోదానికి లోపలివైపు చిన్న త్రికోణపు ముక్క అతికి, తల మీద 8.8 అని ఉన్న గట్టి రకం బోల్టులు, అదురుకి వదులుకాని నైలాక్ నట్లు వేశాం. ఆరేళ్ళయింది, కదల్లేదు. ఖర్చు రెండుసార్లకీ కలిపి పద్దెనిమిది వందలు.

ఇక నా చేతికి వచ్చిన పని చెప్తాను. ఆ పెద్దాయన పరిచయం చేసిన మెకానిక్ నాకు టాపెట్లు, అంటే వాల్వులు తెరిచే భాగాల మధ్య ఖాళీ, సరిచేయడం నేర్పాడు. పాత బుల్లెట్‌కి దానికి గేజ్ అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా, పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చాక, పక్కనున్న మూత విప్పి, వాల్వుని నెట్టే కడ్డీని, అంటే పుష్‌రాడ్‌ని, రెండు వేళ్ళతో తిప్పాలి. సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. మొదటిసారి అది వేళ్ళకి తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఏ పార్సిల్ విప్పినప్పుడూ కలగలేదు. ఆ రోజు నుంచి ఇంజిన్ శబ్దంలో తేడా వస్తే దేనివల్లో నాకు ముందే తెలుస్తోంది.

అలాగని కొన్నవన్నీ దండగ అనను. టైర్లు, బ్రేకు సామాను, రిమ్ములు, షాక్ అబ్జార్బర్లు కంపెనీవే కొనండి, వీటి మీద ఎంత మంచి లేత్ మనిషి చేతా ప్రయోగాలు చేయించకండి. లెగ్ గార్డ్ కొన్నదే, ఒకసారి నా మోకాలు కాపాడింది. లైట్లకి రిలేతో వచ్చే రెడీమేడ్ వైరింగ్ కిట్ కొన్నాను, కానీ నేనే బిగించాను. రిలేకి నాలుగు కాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో నంబరు: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వైరు, 87 నుంచి లైటుకి, 85, 86లలో ఒకటి స్విచ్‌కి, ఇంకోటి ఎర్త్‌కి. ఇంతే. ఇది తెలిసుంటే ఆ రాత్రి నందిగామ దగ్గర బండి నెట్టేవాణ్ణి కాదు.

మీ బండి సంగతికొస్తే, అది నా బండిలాంటిది కాదు. 2021 నుంచి వచ్చిన క్లాసిక్‌లో 349 సీసీ కొత్త ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్. జెట్ మార్చడం అనే మాటే లేదు, సైలెన్సర్ మారిస్తే పొగని కొలిచే ఆక్సిజన్ సెన్సర్, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) రెండూ లెక్కలోకొస్తాయి. వైర్లు గీకడం అసలు వద్దు. దగ్గర్లో ఎక్కడ వెల్డింగ్ పెట్టినా ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి. చట్టం కూడా చూసుకోండి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మోత సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరూ చూసే ఉంటారు. పైగా ఆ మోత వల్ల వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, నాది తీసేయడానికి ఆ కారణం ఒక్కటి చాలింది. శారీ గార్డ్, వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే గ్రిప్, ఫుట్‌రెస్ట్ ఇవి కూడా రూల్స్‌లో తప్పనిసరే.

కాబట్టి నలభై వేలూ ఇప్పుడే ఖర్చు పెట్టకండి. వెయ్యి కిలోమీటర్లు బండిని ఉన్నది ఉన్నట్టు నడపండి, ఎక్కడ నొప్పెట్టింది, రాత్రి ఎక్కడ కనపడలేదు, వెనక కూర్చున్నవాళ్ళు ఏమన్నారు, ఇవి ఫోన్‌లో రాసుకోండి. నా అంచనాలో మీకు మొదట కావాల్సింది సీటు, తర్వాత లైట్లు, హ్యాండిల్ అసలు అక్కర్లేకపోవచ్చు. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, అది మర్చిపోవద్దు.

మీరుండే గుంటూరు నుంచి మా ఆటోనగర్ ఎంతో దూరం కాదు. వారం మధ్యలో, పొద్దున్నే రండి, సాయంత్రమైతే లారీల పని మీద పడి వాళ్ళకి మాట్లాడే తీరిక ఉండదు. వచ్చేటప్పుడు ఒక పెద్ద అట్టపెట్టె, చాక్‌పీసు తెచ్చుకోండి, వెనక సీట్లో ఎక్కువగా ఎవరు కూర్చుంటారో వాళ్ళని కూడా తీసుకురండి.