28 ఏపీలున్న స్కూలా, 19 ఉన్న స్కూలా?

ప్రశ్న ఇది: న్యూజెర్సీలో ఇల్లు చూస్తున్నారు, పాప వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి. ఒక పబ్లిక్ హైస్కూలు కోర్సుల కేటలాగులో 28 ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), రెండోదాంట్లో 19. 28 ఉన్నదే మేలు కదా అని.

ఆ అంకె ఒక్కటే చూసి ఇల్లు కొనకండి. కేటలాగు అంటే హోటల్ గోడ మీది బోర్డు. ముప్పై రకాలు రాసి ఉంటాయి, అడిగితే ఇడ్లీ, ఉప్మా ఉన్నాయంటారు. రెండు మూడు హైస్కూళ్ళున్న స్కూల్ డిస్ట్రిక్టులో ఆ పుస్తకం తరచుగా అన్నిటికీ కలిపి ఒకటే. తగినంత మంది చేరితేనే నడుపుతామని అందులోనే ఏదో మూల రాసి ఉంటుంది. చలికాలంలో పిల్లలు వచ్చే ఏడాదికి కోర్సులు అడుగుతారు, ఆ లెక్క చూసి మాస్టర్ షెడ్యూల్, అంటే స్కూలు మొత్తం టైంటేబుల్, కడతారు. ఏపీ ఫిజిక్స్ సి (కాల్క్యులస్‌తో చెప్పే ఫిజిక్స్) ఎనిమిది మందే అడిగితే ఆ ఏడాదికి అది లేనట్టే. కేటలాగులో పేరు మాత్రం చెక్కుచెదరదు. ఏపీలు నడిపే కాలేజ్ బోర్డు వారి కోర్సు లెడ్జర్‌లో వెతికినా తెలిసేది ఆ స్కూలు సిలబస్‌కి ఆమోదం ఉందా లేదా అన్నదే. ఎంతమంది కూర్చున్నారో అది చెప్పదు.

న్యూజెర్సీలో అది తెలుసుకునే దారి ఉంది. రాష్ట్ర విద్యాశాఖ ఏటా ప్రతి స్కూలుకీ పెర్ఫార్మెన్స్ రిపోర్టు పెడుతుంది. అందులో ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్, ఏపీలాంటిదే మరో పద్ధతి) కోర్సుల పట్టిక ఉంటుంది. ఒక్కో కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు అన్నవి పక్కపక్కనే ఉంటాయి. రెండు స్కూళ్ళవీ మూడేళ్ళ రిపోర్టులు దించుకుని పక్కపక్కన పెట్టండి. కేటలాగులో ఉండి మూడేళ్ళూ పట్టికలో కనబడని కోర్సుని కొట్టేయండి. 64 మంది చేరి 20 మందే పరీక్ష రాశారంటే జీపీఏ వెయిట్ (ఏపీ గ్రేడుకి సగటులో కలిసే అదనపు విలువ) కోసం చేరి వదిలేస్తున్నారో, పాఠమే మే నెలకి పూర్తవడం లేదో కనుక్కోవాలి. పరీక్ష ఫీజు కూడా ఒక కారణమే, 2025లో ఒక్కో పేపరుకీ 99 డాలర్లు.

చేరినవాళ్ళు పద్దెనిమిదో ఇరవయ్యో ఉన్న కోర్సుల్ని మాత్రం గుర్తు పెట్టుకోండి. అసలు తంటా అక్కడే. ఆ సంఖ్యకి సాధారణంగా ఒకటే సెక్షన్ (ఒకటే క్లాసు బ్యాచి) ఉంటుంది, అంటే రోజు మొత్తమ్మీద ఒకే పీరియడ్‌లో. పదకొండో తరగతి పిల్ల ఏపీ ఫిజిక్స్ సి, ఏపీ కంప్యూటర్ సైన్స్ ఎ, ఆర్కెస్ట్రా అడిగిందనుకుందాం. మూడూ ఒక్కో సెక్షనే. మొదటి రెండూ మూడో పీరియడ్‌లో పడ్డాయా, ఒకటి పోయినట్టే. కౌన్సెలర్ దాని బదులు ఏపీ సైకాలజీ ఇస్తారు, ఎందుకంటే దానికి ఐదు సెక్షన్లున్నాయి. ఆర్కెస్ట్రా నాలుగేళ్ళూ నడిచేది కాబట్టి తప్పుకోదు. ఇలా 28 ఏపీల స్కూల్లో కావలసిన రెండు కలిపి దొరకవు, 19 ఉన్నచోట ఫిజిక్స్ సికి మూడు సెక్షన్లుంటే హాయిగా దొరుకుతాయి. అందుకే కౌన్సెలింగ్ ఆఫీసుకి మెయిల్ రాసేటప్పుడు "మీ దగ్గర ఎన్ని ఏపీలు" అని అడగకండి. మీకు కావలసిన నాలుగు కోర్సుల పేర్లు రాసి, ఈ ఏడాది ఒక్కోదానికీ ఎన్ని సెక్షన్లు, కనీసం ఎంతమంది అడిగితే నడుపుతారు, చేరడానికి టీచర్ సిఫారసో ఆనర్స్ (పై స్థాయి) క్లాసులో ఫలానా గ్రేడో ఉండాలా అని అడగండి.

లెక్కల దారి విడిగా చూడాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చేస్తే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్. ఆ పిల్లకి దాని తర్వాతి మెట్టు మల్టీవేరియబుల్ కాల్క్యులస్ స్కూల్లో ఉన్నా లేకున్నా ఒకటే. ఏడులోనే ఆల్జీబ్రా 1 అయిపోయినవాళ్ళు పదకొండులో ఏపీ కాల్క్యులస్ బీసీ ముగిస్తారు, వాళ్ళకి పన్నెండులో ఏముందన్నది పెద్ద ప్రశ్న. కాల్క్యులస్ తోడు లేకుండా ఫిజిక్స్ సి పనికిరాదు, రెండూ ఒకే ఏడాది పడేలా చూసుకోవాలి.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఇవేవీ రావు. స్కూలుకి వెబ్‌సైట్లో పదికి పది రేటింగ్ ఉందా, మన పిల్లలు ఎంతమంది ఉన్నారు, అంతే. ఆ రేటింగ్‌లో పెద్ద వాటా రాష్ట్ర పరీక్షల మార్కులది, ఫిజిక్స్ సి సెక్షన్ల సంగతి అది చెప్పదు. అసలు చదవాల్సింది స్కూల్ ప్రొఫైల్. ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల పట్టిక)తో పాటు కాలేజీలకి వెళ్ళే రెండు పేజీల కాగితం అది, చాలా స్కూళ్ళు కౌన్సెలింగ్ పేజీలోనే పెడతాయి. అడ్మిషన్ వాళ్ళు పిల్లని ఆ కాగితం పక్కన పెట్టుకుని చూస్తారు. 28 ఇస్తున్న స్కూల్లో ఆరు తీసుకోవడం, 19 ఇస్తున్న స్కూల్లో ఆరు తీసుకోవడం వాళ్ళకి ఒకటి కాదు.

టెక్సస్‌లో ఉన్న బంధువుల సలహా యథాతథంగా పట్టుకోకండి. అక్కడ క్లాసు ర్యాంకుకి చట్టం బలం ఉంది. యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) 2026 చేరికల నుంచి ఆటోమేటిక్ సీటుకి రాష్ట్రంలోని పిల్లలు తమ స్కూల్లో టాప్ 5 శాతంలో ఉండాలంటోంది. కాబట్టి గట్టి స్కూల్లో చేరితే ర్యాంకు పోతుందన్న బెంగ అక్కడ సబబే. న్యూజెర్సీలో అలాంటి చట్టం లేదు.

19 ఉన్న స్కూల్లో ఐబీ ఉంటే ఏపీల లెక్కే వర్తించదు. డిప్లొమా అంటే పదకొండు, పన్నెండుల్లో ఆరు సబ్జెక్టులు, నాలుగు వేల పదాల వ్యాసం, థియరీ ఆఫ్ నాలెడ్జ్. ఎలక్టివ్‌లకి చోటు తక్కువ. కౌంటీ కాలేజీతో డ్యుయల్ ఎన్రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సు చదవడం) ఉంటే, ఆ గ్రేడు శాశ్వతంగా కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంటుంది. రేపు మెడిసిన్‌కి అప్లై చేసినా చూపించాల్సిందే.

ఇక, ఇల్లు జూన్‌లో క్లోజ్ అయితే అప్పటికి షెడ్యూల్ కట్టేసి ఉంటారు. కొన్ని డిస్ట్రిక్టులు సేల్ కాంట్రాక్టు చూపిస్తే ముందే పేరు రాసుకుంటాయి. ఫిబ్రవరిలోనే అడగండి, పాత స్కూలు గ్రేడ్లు, లెక్కల ప్లేస్‌మెంట్ కాగితాలు కూడా అప్పుడే పంపించండి.