డిప్రెషన్‌ మందులు ఆపేసి అశ్వగంధ మొదలుపెట్టొచ్చా?

దయచేసి అలా ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుతుంది, నిద్ర చెడుతుంది, దిగులు మళ్లీ తిరగబెట్టొచ్చు. అశ్వగంధ టెన్షన్‌కి, నిద్రలేమికి కొంత పనికిరావచ్చు గానీ డిప్రెషన్ మందుకు బదులు కాదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. గర్భిణులైతే అసలే వద్దు.

మందులతో పాటు నేను గట్టిగా చెప్పేది నడక. మొదటి రోజు మంచం దిగడమే కష్టం. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చినా చాలు. మర్నాడు ఇంకో నాలుగడుగులు. అలా మెల్లగా అరగంటకి పెంచండి. పొద్దుటి వెలుతురు ఒంటికి తగిలితే రాత్రి నిద్ర కూడా కుదుటపడుతుంది.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లోవాళ్లకి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.