చిట్టికి, బంతుల మిషన్ గురించి

చి.సౌ. చిట్టికి మామయ్య దీవించి రాస్తున్నది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, నీ మేనకోడలికి నీ పిచ్చే పట్టింది, బాల్కనీ నిండా మోటార్లూ పైపులూ" అని మొదలుపెట్టింది. పాపకి టెన్నిస్ బంతులు విసిరే మిషన్ కొనబోయి, ధర చూసి వెనక్కొచ్చి, నువ్వే చేసేస్తున్నావట. వినగానే షాపులో కుర్రాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆటోనగర్‌లో ఆ పూట నా అంత గొప్పవాడు లేడు. రాత్రి పడుకున్నాక మాత్రం కంటి మీద కునుకు లేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే" అనేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నా.

తేలిక సంగతులు ముందు. బంతి వెళ్లే పైపు 90 ఎం.ఎం.ది తీసుకో, 75ది బిగుతు, నూగు లేచిన పాత బంతి అందులో ఇరుక్కుంటుంది. బంతుల్ని ఒక్కొక్కటిగా వదలడానికి పాత కారు వైపర్ మోటారు చాలు. నట్లు నైలాక్‌వి, లోపల నైలాన్ రింగు ఉండేవి, వాడు, మామూలువి అదురుకి వదులైపోతాయి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టు.

బంతిని మధ్యలో నొక్కి పట్టి విసిరే రెండు చక్రాల దగ్గర కాస్త నిదానించు. బంతి అడ్డంగా 67 ఎం.ఎం. దాకా ఉంటుంది. రెండు చక్రాల మధ్య సందు 50 దగ్గర మొదలుపెట్టి, ఒక మోటారు బేస్‌కి పొడుగు గాడి కోసి ఉంచు, ఇటూ అటూ జరుపుకోవచ్చు. 20 సెంటీమీటర్ల చక్రం నిమిషానికి 2000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకి 75 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బంతీ ఇంచుమించు అంతే. పదేళ్ల పిల్లకి అదెందుకే? 1200కి తగ్గిస్తే 45 వస్తుంది, అక్కడ మొదలుపెట్టు. పై చక్రం కింది దానికంటే జోరుగా తిరిగితే బంతి టాప్ స్పిన్‌తో, అంటే ముందుకి గిర్రున తిరుగుతూ, దిగుతుంది. ఆ సరదాలు తర్వాత.

ముందు బ్యాలెన్సింగ్. అంచుకి 10 గ్రాముల తేడా ఉంటే, ఆ 2000 చుట్ల దగ్గర నాలుగున్నర కేజీల బరువు సెకనుకి 33 సార్లు షాఫ్టుని, అంటే చక్రం ఇరుసుని, చుట్టూ లాగినట్టే. చక్రాన్ని షాఫ్టుతో సహా మట్టంగా పెట్టిన రెండు ఇనప పట్టీల మీద ఆనించి వదిలెయ్. బరువు వైపు దొర్లి కిందికొచ్చి ఆగుతుంది. అక్కడ కొద్దిగా లోహం తోడి తీసెయ్, మళ్లీ వదులు. ఎక్కడ నిలిపితే అక్కడే నిలిచేదాకా అదే పని. ఒక పూట పోతుంది, పోనీ.

ఈ పిచ్చి మన ఇంట్లోనే పుట్టిందనుకోకు. మొసలి బొమ్మ చొక్కాల లకోస్ట్ ఉన్నాడే, ఆ ఫ్రెంచి ఆటగాడు 1920ల్లోనే చేత్తో తిప్పే బంతుల మిషన్ చేయించుకున్నాడు.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి. మీ నాన్న కుడి చూపుడు వేలు ఎందుకు పూర్తిగా వంగదో నీకు తెలుసా? "బంతి తగిలింది" అంటాడు. అబద్ధం కాదు, సగం నిజం.

1987లో రిలయన్స్ కప్పు, అదే క్రికెట్ ప్రపంచ కప్పు, మన దేశంలో జరిగాక వీధివీధినా క్రికెట్టే. నేనూ బౌలింగ్ మిషన్ చేశాను, టెన్నిస్ బంతులతోనే. పోత ఇనుము చక్రాలు లేత్ మీద నేనే టర్న్ చేశా, మీద లారీ ట్యూబు రబ్బరు అతికించా. ఒక్కోటి 12 కేజీలు. మంచి బేరింగులు వేశా. బ్యాలెన్సింగ్ ఎంత బాగా కుదిరిందంటే, స్విచ్ ఆపాక కూడా చప్పుడు లేకుండా దాదాపు మూడు నిమిషాలు తిరిగేవి. వాచీ పట్టుకుని మరీ చూసి మురిసిపోయాను. మూడు నిమిషాలు! ఎవరొచ్చినా అదే చూపించేవాణ్ణి.

తర్వాత వచ్చిన సంక్రాంతికి మీ నాన్న కొత్తల్లుడు. కనుమ పొద్దున బావగారికి నా ప్రతాపం చూపించాలని మిషన్ వీధిలోకి తెచ్చా. నాలుగు బంతులు పడ్డాయో లేదో, ఒకటి పైపు చివర ఇరుక్కుంది. అదే క్షణాన కరెంటు పోయింది. మోటార్ల మోత ఆగిపోయింది, పిల్లలు హోరుమన్నారు. నల్ల రబ్బరు తిరుగుతుందో ఆగిందో కంటికి తెలియదు. మిషన్ చచ్చిందనే అందరం అనుకున్నాం, చేసినవాణ్ణి నేను కూడా. మీ నాన్న సాయం చేద్దామని బంతిని వెనక నుంచి వేలితో నెట్టాడు. చక్రాలు బంతిని లాక్కున్నాయి, దాంతోపాటు వేలు వెళ్లి చక్రానికీ పైపు అంచుకీ మధ్య పడింది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం రిక్షా కట్టించుకుని ఎముకల డాక్టరు కోసం ఊరంతా తిరిగాం. రెండు చోట్ల విరిగింది. ఆ మధ్యాహ్నం మీ నాన్న గారెలు ఎడమచేత్తో తినలేకపోతుంటే, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా మరిచి మీ అమ్మే తుంచి నోట్లో పెట్టింది. మీ అమ్మమ్మ ఉగాది దాకా నాతో మాట్లాడలేదు. ఆయన మాత్రం వాళ్ల ఊరెళ్లి బంతి తగిలిందని చెప్పాడు, ఇప్పటికీ అదే చెబుతున్నాడు.

కాబట్టి విను, ఇది బతిమాలడం కాదు. చక్రాల చుట్టూ జాలీ ఉండాలి, స్పానర్ లేకుండా ఊడకూడదు. ప్రతి చక్రానికీ ఒక పక్క సగం తెల్లరంగు వెయ్యి: తిరుగుతుంటే బూడిద రంగులో, ఆగితే తెలుపూ నలుపూ విడివిడిగా కనిపిస్తాయి. నీవి అయస్కాంతాల డి.సి. మోటార్లు కదా, టూ వే స్విచ్ పెట్టు: ఒక పక్క మోటారు వేగం మార్చే కంట్రోలరు, రెండో పక్క మోటారు రెండు వైర్ల మధ్య పెద్ద రెసిస్టర్. అటు తిప్పగానే మోటారే బ్రేకవుతుంది. ఆ పక్కకి తిప్పినప్పుడు కంట్రోలరు పూర్తిగా విడిపోవాలి, లేకపోతే కాలిపోతుంది. బంతి ఇరుక్కుంటే చీపురు పుల్లతో కూడా కదపొద్దు, తెలుపూ నలుపూ కనబడేదాకా. నీ చున్నీ ఇంట్లో వదిలి రా. పాప జడ మడిచి రిబ్బను కట్టు. అది ముందు నిలబడి ఆడాలి గానీ మిషన్ పక్కకి రాకూడదు.

నువ్వు ఐదేళ్లప్పుడు షాపుకొచ్చి లేత్ కింద పడిన ఇనప రజను జేబులో నింపుకుంటే, కళ్లలో పడుతుందని ఒక్క దెబ్బ వేశాను. దానికి ఇప్పుడు కూడా బాధపడుతుంటాను. షాఫ్టులు నువ్వు చేయించకు, కొలతలు పంపు, నేనే టర్న్ చేసి కొరియర్‌లో వేస్తా. నా చక్రాలడగకు, షాపు తలుపు కొట్టుకోకుండా వాటినే అడ్డం పెట్టుకున్నా.

మొదటి ట్రయల్‌కి మీ నాన్నని పిలవద్దని రాద్దామనుకున్నా. వద్దులే, పిలువు. స్విచ్ దగ్గర ఆయన్నే కూర్చోబెట్టు. చక్రం ఆగేదాకా కన్నార్పకుండా చూసేవాడు మీ ఇంట్లో ఆయన తర్వాతే ఎవరైనా.

ఇట్లు
మామయ్య